మామగారి గుండె పట్టీ

కమోల్ బాబాయి గారికి సలాములు.

మీరు ఫోను ఎత్తడం లేదు గనక డ్రైవరు చేత ఈ చీటీ పంపుతున్నాను. మీ ఛాతీకి అంటించిన పట్టీ పంపే గుండె రాతలో, అదే ఈసీజీలో, అలలు గుడారాల్లా మొనదేలాయి. అంటే ఒంట్లో పొటాషియం పెరుగుతోంది. మీ మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. ఇంకాస్త పెరిగితే గుండె ఆగిపోతుంది. ఎండు ఆప్రికాట్లు తిన్నారా?

మీ డాక్టరు మొహిరా

తా.క. రేపు మీ అమ్మాయి పెళ్ళిలో కూడా పట్టీ తీయకండి.

* * *

డాక్టరమ్మకు దీవెనలు.

ఇస్ఫరాలో ఆప్రికాట్ తోట ఉన్నవాణ్ణి పట్టుకుని తిన్నావా అని అడుగుతావా తల్లీ? ముట్టలేదు. ఎండబెడుతుంటే వాసన లోపలికి పోయిందేమో. రేపటి రాత చూడు, ముత్యంలా ఉంటుంది.

కమోల్

తా.క. గింజలు కొట్టి పప్పు తిన్నమాట నిజం. అది పండు కాదు గదా.

* * *

బాబాయి గారూ,

ముత్యం మాట అటుంచండి. ఈ పొద్దుటి రాతలో మొనలు ఇంకా లేచాయి, నాడి బాగా నెమ్మదించింది. చీటీ తెచ్చిన బండే మిమ్మల్ని తీసుకొస్తుంది. పెళ్ళి పనులు వదిలేసి ఎక్కండి.

మొహిరా

తా.క. బండిలో వచ్చేవాళ్ళు కొత్తవాళ్ళు. పట్టీని బట్టి మిమ్మల్ని పోల్చుకోమన్నాను.

* * *

తల్లీ,

ఏ మొహం పెట్టుకుని రాయను? ఆ గుండె నాది కాదు. పెళ్ళిలో ఇంటిపెద్ద ముందుగా నోట్లో వేసుకోకపోతే ఎండు పళ్ళ పళ్ళెం ఎవరూ ముట్టరు. నేను పిడికెడు వేసుకున్నాను. అది నీకు తెలియకూడదని పొద్దున్నే పట్టీని పెళ్ళికొడుకు దలేర్‌కు అంటించాను. కుస్తీలో పొట్టేలును బహుమతిగా గెలిచినవాడు, వాడికేం రోగం అనుకున్నాను. మామగారి మాట కాదనలేక చొక్కా విప్పాడు.

మీవాళ్ళు వచ్చి చొక్కాలు ఎత్తి చూసి, అందరి ముందూ వాణ్ణి స్ట్రెచర్‌కు కట్టి పట్టుకుపోయారు. రోగిష్టివాణ్ణి అంటగట్టారని మావాళ్ళు వియ్యంకుణ్ణి నిలదీస్తున్నారు. ఆయన తలెత్తడం లేదు. తప్పు నాది, తల వంచుకున్నది ఆయన. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కుర్రాణ్ణి పంపెయ్.

కమోల్

తా.క. అప్పుడే నిజం చెప్పేవాణ్ణి. నోటినిండా ఆప్రికాట్లు.

* * *

బాబాయి గారూ,

కుస్తీ పట్టే కుర్రాళ్ళ గుండె రాతలో మొనలు అలాగే లేస్తాయి, నాడీ నెమ్మదే. చూసీ చూడగానే కంగారుపడ్డాను, నాకూ సిగ్గుగానే ఉంది. రక్తం పరీక్ష చేశాం, శుభ్రంగా ఉంది. వియ్యంకుడికి ఈ చీటీ చూపించండి.

పంపుదామంటే అతనే కదలడు. పేరడిగితే కమోల్ అంటాడు. వయసు అరవై ఎనిమిదట. మామగారి అబద్ధం తన నోట బయటపడకూడదని డయాలసిస్ మంచమెక్కి, సూది గుచ్చమని చెయ్యి చాపి పడుకున్నాడు. మీరు వచ్చి లేపితే తప్ప లేవడు.

మొహిరా

తా.క. లేపాక మీరు ఆ మంచం మీదే పడుకోండి. బండి మీ గుమ్మంలోనే ఉంది. ఈసారి మీ గుండె మీరే తెచ్చుకోండి.