జపాను గౌను, వెన్నునొప్పి

మనవరాలు పిచ్చుకకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా క్షేమమని రాయడానికి చేయి రావడం లేదు. నువ్వు పంపిన ఫొటో చూసినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. ఇరవై ఆరేళ్ళ దానివి, ఆ కుచ్చుల గౌనేమిటి? నెత్తిన చేటంత రిబ్బనేమిటి? ఉన్న బట్టలన్నీ ఎవరైనా ఎత్తుకుపోయారా? తలకేమైనా దెబ్బ తగిలిందా? దాచకుండా రాయి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. ఫొటోలో నీ భుజాన ఉన్న ఆ కుందేలు సంచీకి చెవులెందుకే?

---

బెంగల అమ్మమ్మకు నమస్కారాలు.

నా తల భద్రంగానే ఉంది, రిబ్బను కింద. అది జపాను అమ్మాయిల అలంకారం. ముద్దుగా ఉండడాన్ని వాళ్ళు 'కవాయి' అంటారు. ఇక్కడ మేం స్నేహితురాళ్ళం ఎనిమిది మందిమి ఆదివారాలు అలా తయారై పార్కులో తిరుగుతాం. ఎవరి మెప్పు కోసమో కాదు, మా సరదాకి.

ఎవరు చూసి చెప్పారో, మా కళ్ళద్దాల షాపు మేనేజరు పిలిచి, "సెలవు రోజైనా సరే, మా షాపు పిల్ల ఇలా తిరిగితే నమ్మి కళ్ళెవరు చూపించుకుంటారు? గౌనో, ఉద్యోగమో తేల్చుకో" అన్నాడు. తేల్చుకున్నాను. వచ్చే సోమవారం షాపుకు కూడా గౌనుతోనే వెళ్తున్నాను.

నీ పిచ్చుక

తా.క. చెవులు వినడానికే. దానికి నోరు లేదు కనుక ఎదురు చెప్పలేదు. ఆ పని నాది.

---

మొండిఘటానికి దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. ఉద్యోగం పోతే మళ్ళీ దొరుకుతుందా? అందుకే మీ మేనేజరు గారికి నేనే ఉత్తరం వేశాను. "అయ్యా, పిల్లకు వెన్నునొప్పి. నడుముకు బట్ట ఒత్తుకోకూడదు, చుట్టూ గాలి ఆడాలి అని డాక్టరు గౌను రాశాడు. మన్నించండి" అని. అబద్ధమే, కానీ పక్కింటి టీచరమ్మ చేత తప్పులు దిద్దించాను.

అమ్మమ్మ

తా.క. రిబ్బను సంగతి అడిగితే తలనొప్పికి అని చెప్పు.

---

అమ్మమ్మా,

ఈసారి నమస్కారం కూడా కోపంతోనే పెడుతున్నాను. నేను గౌనుతో వెళ్ళిన రోజే నీ ఉత్తరం చేరింది. మేనేజరు అందరి ముందూ చదివి, "పాపం, జబ్బుకైతే వేసుకో" అన్నాడు. ఊ అంటే ఉద్యోగం నిలిచేది. "నాకు జబ్బు లేదండీ, ఇష్టం ఉంది" అన్నాను.

"అయితే నెలాఖరు దాకా చూస్తాను. గౌనులో ఉన్న నీ చేత కళ్ళు చూపించుకునేవాళ్ళు ఒక్కరైనా రాకపోతే ఇంటికే" అన్నాడు. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. అందరూ పక్కన కళ్ళు చూసే ఇంకో అమ్మాయి కుర్చీకే పోతున్నారు.

ఊరంతా నవ్వితే పడతాను. నువ్వు నన్ను రోగిష్టిదాన్ని చేశావే, అది పడలేను.

పిచ్చుక

తా.క. అబద్ధమన్నా వినడు, ఆ డాక్టరు చిరునామా కావాలట. మేనేజరుకూ వెన్నునొప్పేనట.

---

నా పిచ్చుకకు,

ఈ కాగితం పోస్టులో రాలేదని కంగారు పడకు. మీ షాపు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మీ మేనేజరు గారి చేతికే ఇచ్చి లోపలికి పంపిస్తున్నాను.

తప్పు చేశాను. నిన్ను కాపాడాలని నీ ఇష్టానికి జబ్బని పేరు పెట్టాను. నా పదకొండో ఏట మా అమ్మ నా కుచ్చుల గౌను విప్పించి, "ఇక పెద్దదానివి" అంది. ఆ తర్వాత నీకేం ఇష్టమని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

మా వీధి ఆడవాళ్ళం ఐదుగురం వచ్చాం. ఏ కుర్చీలో కూర్చుంటారని మేనేజరు గారు గుమ్మంలోకి వచ్చి అడిగారు. "గౌను పిల్ల దగ్గర. ఆ పిల్ల చూడకపోతే మా పది కళ్ళూ మాతోనే వెనక్కి తీసుకుపోతాం" అన్నాను. నేనేనా అన్నది!

బయటికి రా. నవ్వావంటే ఊరుకోను. నేనూ గౌనులోనే ఉన్నాను. కిటికీ తెర చింపి కుట్టుకున్నాను. బస్సులో అందరూ చూశారు. చూడనీ.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. గుండె దడదడలాడుతోంది. దడ దడే, గౌను గౌనే.