అయిదు పిడికిళ్ల బియ్యం

శుక్రవారం, రాత్రి

నీలూకా ఈ రోజు నల్గొండ కలెక్టరేట్‌లో ప్రమాణం చేసి ఈ దేశపు మనిషైంది. దుబాయ్‌లో పెళ్లాడి కట్టంగూర్‌కు తెచ్చుకున్నప్పటి నుంచి ఈ రోజు కోసమే చూశాను. ఇందుకోసం ఆమె శ్రీలంక పాస్‌పోర్టును వాళ్ల ఎంబసీకి ఎప్పుడో ఇచ్చేశాం.

అమ్మ సంబరపడి కోడలికి ఒడి బియ్యం పోయించింది. అవి పుట్టింటివాళ్లే పోయాలి కాబట్టి పక్కింటి లక్ష్మమ్మత్త తల్లిలా కూర్చుని పోసింది.

"అయిదు పిడికిళ్లు తల్లిగారింట్ల ఇడిచిపెట్టాలె బిడ్డా, మల్ల రానీకి," అంటూ గిన్నె చాపింది.

నీలూకా అయిదు పిడికిళ్లూ తీసింది గానీ గిన్నెలో వేయలేదు, రుమాలులో మూటగట్టింది. "గివి మా అమ్మయి," అంది. మా అమ్మ ముఖం మాడిపోయింది.

"పోనీ తియ్యి, తల్లి తల్లే," అంది లక్ష్మమ్మత్త.

ఇందాక పడుకోబోతూ నీలూకా అడిగింది: "ఇగ మా అమ్మకాడికి పోవాల్నంటే నాకు వీసా గావాల్నా?"

అవునన్నాను. పౌరసత్వానికి దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టించింది నేనే కదా.

బీరువాలో పాత పాస్‌పోర్టు ఉండే అరలో ఇప్పుడు ఆ మూట ఉంది.