నాన్న కుర్చీలో తమ్ముడు

మెంఫిస్,
గురువారం

మా వెర్లీన్ అత్తకి,

ఫోన్ చేస్తే పక్క గదిలోంచి నాన్న వింటాడని రాస్తున్నాను. చదివాక చింపెయ్యి. మన కోర్డెల్‌కి మగపిల్లల మీదే మనసు పోతుందత్తా. పదహారేళ్ళవాడు, ఈ సంగతి నాతో చెప్పి ఏడాదైంది. అప్పట్నుంచీ వాడి మొహంలోంచి అదెక్కడ బయటపడుతుందోనని నేనే కాపలా కాస్తున్నాను. ఇప్పుడు నాన్నకి చెప్పేస్తానంటున్నాడు. ఎక్కడో తెలుసా? శనివారం, నాన్న క్షవరం షాపులో, ఆయన చేత జుట్టు కత్తిరించుకుంటూ!

"ఇంట్లో చెప్పి చావరాదూ?" అన్నాను.

"ఇంట్లో నాన్న టీవీ మాట వింటాడక్కా. నా తల ఆయన చేతిలో ఉన్నప్పుడే నా మాట వింటాడు."

కిందటి నెల ఎదురింటివాళ్ళు తమ కొడుకుని ఇందుకే వెళ్ళగొట్టారు. ఎప్పుడూ షాపు బెంచీ మీదే ఉండే హోసియా మామ ఆ ఊసెత్తితే, నాన్న కత్తెర ఆపకుండానే అన్నాడు: "నా కొడుకైతే ఈపాటికి వాడి బట్టలు వాకిట్లో ఉండేవి." అందరూ నవ్వారు. జుట్టు ఊడుస్తున్న కోర్డెల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు తిండి సయించడం లేదు.

డిగ్రీ ఉందన్న మాటేగానీ, ఉద్యోగం లేక ఈ ఇంట్లో బోనులో పిల్లిలా తిరుగుతున్నాను. వాణ్ణి గెంటేస్తే ఎక్కడికని తీసుకెళ్ళను? అమ్మ లేదు. నాన్నని "ఒరేయ్" అనగలిగింది నువ్వొక్కదానివే. ఒక్కసారి రా అత్తా. రాలేకపోతే, చికాగోలో నీ ఇంట్లో వాడికో మూల చూసి ఉంచు.

భయంతో,
నీ మేనకోడలు రెనాటా


ఆదివారం

అత్తా,

నీ జవాబు రాకముందే అంతా అయిపోయింది.

నిన్న షాపు నిండా జనం. హోసియా మామ పక్కన బెంచీ మీద కూర్చుని పత్రిక తిరగేస్తున్నాను, ఒక్క ముక్క తలకెక్కితే ఒట్టు. నాన్న తల ఎడమవైపు పూర్తిచేసి, కటింగ్ మెషీన్ ఆపి కుడివైపుకి వచ్చాడు.

"నాన్నా, నాకు అమ్మాయిలంటే ఇష్టం లేదు. నాకు అబ్బాయిలే ఇష్టం," అన్నాడు కోర్డెల్, అద్దంలోకి చూస్తూ.

మెల్లిగానే అన్నాడు. మెషీన్ చప్పుడు లేదేమో, అందరికీ వినబడింది. నాన్న మెషీన్ బల్ల మీద పెట్టి వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

సగం తల నున్నగా, సగం గుబురుగా, మెడచుట్టూ గుడ్డతో వాడు అలాగే కూర్చున్నాడు. ఒకరు మొదలెట్టిన తల మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు, నీకు తెలిసిందేగా. పక్క కుర్చీ దగ్గర కటింగ్ చేసే ఆయన తన ముందు కూర్చున్నవాడి చెవులకేసే చూస్తూ పని చేసుకుంటున్నాడు.

"నా టోపీ ఇమ్మంటావా అబ్బాయ్?" అన్నాడు చివరికి హోసియా మామ.

"వద్దు మామా. నాన్న వస్తాడు."

వెనక సందులోకి పరిగెత్తాను. నాన్న చెత్తడబ్బా పక్కన, చేతులు రెండూ చంకల్లో దోపుకుని నిలబడ్డాడు.

"నల్లపిల్లాడు. వీధిలోకి వెళ్ళినవాడు ప్రాణాలతో తిరిగొచ్చేదాకా గుమ్మంవైపు చెవులొగ్గి కూర్చుంటున్నానే, అది చాలదా?" అన్నాడు గోడతో. "దానికి తోడు ఇదొకటా? వాణ్ణి ఎన్నిటినుంచని కాపాడను?"

"ముందు ఆ జనం చూపుల్నుంచి కాపాడు నాన్నా."

వచ్చాడు. మెషీన్ అందుకున్నాడు. "తల వంచు," అన్నాడు, అంతే. నుదుటి మీద జుట్టు అంచున తీర్చే గీత వంకరపోయింది. నాన్న చేతిలో గీత వంకరపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇవాళ చర్చి మెట్ల మీద కోర్డెల్‌ని పిల్లలు చుట్టుముట్టారు. "ఎవడ్రా నీ తల తగలేసింది? గుడ్డివాడా?"

"మా నాన్న," అన్నాడు కోర్డెల్, టోపీ తీసి మరీ చూపిస్తూ.

నాన్న వెనకాలే ఉన్నాడు.

"వచ్చే శనివారం సరిచేస్తాలేరా," అన్నాడు.

నీ
రెనాటా