ఇస్త్రీకి లొంగని చారలు

బాబాయ్,

కోపం కాస్త చల్లారాకే ఈ ఉత్తరం చదువు. నీ కుట్టు దుకాణంలో బట్టలు కత్తిరించే బల్లకి ఆ చారల రాయి ఎంచింది నేనే. "చారలన్నీ వంకర! ఎవడో మడతపడ్డ సరుకు అంటగట్టాడు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నావట. చారలు తిన్నగా వచ్చేదాకా అరగదీయమని పాలిష్ పనివాడి ప్రాణం తోడేస్తున్నావట. ఇస్త్రీ చెయ్యమనడం ఒక్కటే తక్కువ! పాపం, అతన్ని వదిలెయ్. ఆ మడతలు పైపైన లేవు, రాయి అడుగుదాకా ఉన్నాయి.

ఒకప్పుడది పొరలు పొరలుగా పేరుకున్న బురద. గట్టిపడి రాయయ్యాక రెండు భూఖండాలు ఢీకొన్నాయి. ఏదీ తగ్గకుండా కోట్ల ఏళ్లు నెట్టుకున్నాయి. పైన కొండలు లేచాయి. లోపలి వేడికీ ఒత్తిడికీ ఈ రాయి కరగలేదు, విరగలేదు; మెత్తబడి, నువ్వు గౌనుకి పెట్టే కుచ్చిళ్లలా ముడుచుకుంది. నీ బల్ల మీద తళుక్కుమంటున్న అభ్రకం ఆ బురద మారిన రూపమే.

చారలు తిన్నగా ఉండాలంటే అప్పుడే ఒక ఖండం వెనక్కి తగ్గాల్సింది. అదెంత కష్టమో నీకు తెలియనిదా? రాయి బాగుందన్న పాపానికి పిన్నితో మాటలు మానేశావటగా. ముందు నువ్వొక్క అడుగు వెనక్కి వేసి చూపించు. ఆ తర్వాత ఖండాలకి నేను చెప్తాను.

రాళ్ల చదువు చదివే
నీ అన్నకూతురు