గుండు చేయించిన శనివారం

1953 మార్చి 4, బుధవారం
వచ్చేశారు. రైలు కమలాపురంలో ఆగక, ఎర్రగుంట్లలో దిగి, మళ్ళీ వెనక్కి. ఓడ కోసం కాచుకున్న మద్రాసు ఎండకు ఆయన ముఖం కమిలిపోయింది. వెనక పిల్ల... ఏడేళ్ళట. రంగూన్‌లో పోయిన మా మరిది కూతురు. తల్లి బర్మా ఆమె. ఆమె కూడా పోయింది. ఇక మా పిల్లే. పదిహేనేళ్ళ కాపురం తర్వాత నాకొక పిల్ల. రాయాలంటేనే భయంగా ఉంది.
తెలుగు ఒక్క ముక్క రాదు. ఓడలో తోడు వచ్చిన ఓబులేసు మేస్త్రీకి బర్మా మాట వచ్చు. అతనేమో వాళ్ళ ఊరు బద్వేలు వెళ్ళిపోయాడు.

మార్చి 5
అత్త పిల్లను వంటింటి గడప దాటనివ్వలేదు. "నా కొడుకు బిడ్డే, కాదన్లే. తల్లిది యా కులమో ఎవురికి తెలుసు?" అంది. మరిది బిడ్డకు పెట్టింది తన తల్లి పేరే. అది విన్నా అత్త కరగలేదు. అత్త పేరు నేను నోటితో ఎలా పలికేది? పాపా అని పిలుస్తున్నాను.

మార్చి 12
జుట్టు మెడ దాకా కూడా లేదు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగుతుంది, సాగుతుందేమోనని. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆముదం రాశాను. చాలించబోతే నా చెయ్యి పట్టుకుని మళ్ళీ తలమీద పెట్టుకుంది.

మార్చి 19
కొంగు వదలదు. బావికి పోతే బావికి, పెరట్లోకి పోతే పెరట్లోకి. అమ్మా అని ఇంకా పిలవలేదు. నాకేం తొందర లేదు అని ఆయనతో అన్నాను. పచ్చి అబద్ధం.

మార్చి 24
అత్త తనంతట తానే మాట ఎత్తింది. "శనివారం ఇంటి దేవుని కాడికి పోదాం. పిల్లకు గుండు చేపిద్దాం. మనింట్లో పుట్టినోళ్ళంతా ఆయనకు ఎంట్రుకలు ఇచ్చినోళ్ళే. ఇదీ ఇచ్చిందంటే ఇంగ మన పిల్లే. వంటింట్లోకి రానీ, యాడికన్నా రానీ. ఎవురేమన్నా నేనుండా."
మూడు వారాలుగా నేను కాచుకున్నది ఈ మాట కోసమే. ఆయన మాత్రం గొణిగారు, పిల్లకు చెప్పకుండా ఎలా అని. ఏ భాషలో చెప్పేది? కసిరాను.

మార్చి 28, శనివారం
అయింది.
మంగలి కత్తి తీయగానే పాప నా కొంగు పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. నేనే. నవ్వుతూ విడదీశాను. గోల పెడుతుందనుకున్నాం. లేదు. తల వంచి కూర్చుంది... అలవాటున్న దానిలా.
అత్త గుండుకు గంధం పూసి చంకనెత్తుకుంది. ముద్దు పెట్టుకుంది. ఇన్నాళ్ళలో ఇదే మొదలు. నేను చేతులు చాపాను. పాప నా వైపు చూడలేదు.
సంతోషపడాల్సిన రోజు.

మార్చి 29
మధ్యాహ్నం నుంచి పాప ఏమీ తినలేదు.

మార్చి 31
కొత్త పావడా మడిచి నా పెట్టె మీద పెట్టేసింది. వచ్చిన నాటి గౌనే వేసుకుంది. తెల్లారగానే గిన్నె పట్టుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడింది. అందులో పెడితే తింటుంది. పొద్దు నడినెత్తికొచ్చాక ఒక్క మెతుకు ముట్టదు. అత్త రెండుసార్లు దిష్టి తీసింది.
బావికి ఒక్కదాన్నే పోతున్నాను.
కోపం వచ్చి భుజాలు పట్టి కుదిపాను. నీకేం ద్రోహం చేశానే అని అరిచాను. కదలకుండా నిలబడింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా.

ఏప్రిల్ 2
ఆయన బడికి సెలవు పెట్టి బద్వేలు బస్సెక్కారు, మేస్త్రీని పిలుచుకురావడానికి.

ఏప్రిల్ 4
మేస్త్రీ పాప తల చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. "ఎంత పని చేసినారమ్మా" అన్నాడు.
తల్లికి జబ్బు ముదిరాక పాపను అక్కడి సన్యాసినుల మఠంలో చేర్చిందట. చేరాలంటే ఆడపిల్లకైనా గుండు చేయాలి. పొద్దున్నే గిన్నెతో ఇళ్ళ ముందు నిలబడాలి. మధ్యాహ్నం దాటితే తినకూడదు. గుండు చేస్తున్నంతసేపూ తల్లి పక్కనే ఉందట. అయ్యాక వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆమె పోయిందని తెలిసి మేస్త్రీ పాపను తన ఇంటికి తెచ్చుకున్నాడు, కాగితాలు వచ్చేదాకా. ఆ ఏడాదిలో పెరిగిన జుట్టే మేము తీయించింది.
నేను ఎక్కడికీ పోనని చెప్పమన్నాను. మేస్త్రీ గొంతుక్కూర్చుని చాలాసేపు చెప్పాడు. పాప నేల చూస్తూ ఒక్క మాట అంది. అతను నాతో చెప్పడానికి తటపటాయించాడు.
"వాళ్ళమ్మ గూడా ఇట్లే చెప్పిందంట."
అత్త గోడకు చేరగిలబడిపోయింది. "మన పిల్లను చేసుకుందామనే గదప్పా చేస్తిమి" అంది, ఎవరితోనో.

ఏప్రిల్ 7
అత్త పాప చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి ముందు పీట వేసింది. మధ్యాహ్నం తర్వాత తనూ తినడం మానేసింది. చెబితే వినదు. ఇంట్లో ఇద్దరు పస్తు.

ఏప్రిల్ 10
పాప పెరట్లోకి వచ్చింది. నేను బట్టలు పిండుతుంటే దూరంగా కూర్చుంది. దగ్గరికి పిలవలేదు, ఎక్కడ లేచి వెళ్ళిపోతుందోనని. అంతే. అదే చాలు ఈ రోజుకు.

ఏప్రిల్ 12
కడప నుంచి తమ్ముడు వచ్చాడు. అమ్మకు జ్వరం, నాలుగు రోజులుగా నన్నే కలవరిస్తోందట. "రెండు దినాలకు పంపించు బావా" అన్నాడు. ఆయన నా ముఖం చూశారు.
పాపను తీసుకుపోతే వదలడానికే తీసుకుపోతున్నాననుకుంటుంది. ఇక్కడే ఉంచిపోతే వదిలిపోయినట్టే. పోకపోతే... అక్కడ మా అమ్మ.
మేస్త్రీ లేడు. రెండు రోజులు అని ఎలా చెప్పాలి? రెండు వేళ్ళు చూపించాను. ఆ వేళ్ళనే చూసింది.
బస్సుకు ఇంకా గంట ఉంది. చీర సంచిలో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టబోతుంటే పాప లోపలికి వచ్చి చీర నా చేతిలోంచి తీసుకుంది. లాక్కుంటోంది, పోవద్దంటోంది అనుకున్నాను. సంతోషమేసింది.
కాదు. చాపమీద పరిచి, అంచుకు అంచు కలిపి మడిచింది. సంచిలో సర్దింది. వెళ్ళి తలుపు వారగా నిలబడింది, నాకు దారి వదిలి.
తమ్ముడు బయట నుంచి పిలుస్తున్నాడు. ఇంకా కూర్చునే రాస్తున్నాను.