టీవీకి మీ ఫోన్ కలపకండి

ఏవండీ,

సాయంత్రం మీ స్లాట్ కార్ల రేసుకి, ఆ బొమ్మ కార్ల ట్రాకు పక్కనే, టీవీ సిద్ధం చేశాను. ల్యాపులు లెక్కపెట్టే యాప్ టాబ్లెట్‌లో వేసి, అందరి పేర్లూ ఎక్కించాను. కేబుల్‌తోనే కలపండి. వైఫైలో పంపితే కారు గీత దాటిన కాసేపటికి గానీ టీవీలో అంకె మారదు. దత్తసాయి గారు "నా ల్యాపు మింగేశారండీ" అని మళ్లీ గొడవకి దిగుతారు.

మీ ఫోన్ మాత్రం టీవీకి కలపకండి. పోయిన ఆదివారం అదే చేశారు. నేను టీలు పట్టుకొచ్చేసరికి టీవీలో స్కోరు మీద ఆస్పత్రి మెసేజ్ పడింది. క్యాన్సర్ డాక్టరు గారి దగ్గరికి మీరు రాలేదని, ఆపరేషన్‌కి తేదీ చెప్పమని. మీకు ముందే తెలుసు. నాకు మాత్రం మీ స్నేహితులతో పాటు, అంతంత అక్షరాల్లో తెలిసింది. దత్తసాయి గారు లేచి నా చేతిలో ట్రే అందుకున్నారు. మీరు ఆయనతో "ఇంకో రౌండు ఉందండీ, కూర్చోండి" అన్నారు.

అప్పటినుంచి నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. వండుతున్నాను, తింటున్నాను, అంతే.

ఏలూరు వెళ్తున్నాను, ఆ డాక్టరు గారి దగ్గరికే. మీరు రానన్నారుగా, నేనే తేదీ తీసుకొస్తాను. పులిహోర కలిపి మూతపెట్టాను, అందరికీ పెట్టండి. రైలుకి టైమవుతోంది.

శ్యామల

రేసు అయ్యాక ఎవరినీ ఉండమనకండి. తేదీ మెసేజ్‌లో పంపను. వచ్చి, మీ పక్కన కూర్చుని చెబుతాను.