మూడింటికి ఆగే మెయిలు

గోదావరిఖని,
6వ తేదీ

చిరంజీవి ముష్తాక్‌కు, రిటైర్డ్ గని కార్మికుల సహాయ సంఘం అధ్యక్షుడు దయాసాగర్ వందనాలు.

నువ్వు మంచిర్యాల నుంచి వచ్చి మా లోపలి గదిలో బిగించిపోయిన మెయిల్ సర్వర్ డబ్బాను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ పచ్చ దీపాలు మిణుకుమంటుంటే చెప్పులు బయట విడిచి లోపలికి పోతున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ముప్పై మూడేళ్లు బొగ్గు పేల్చిన షాట్‌ఫైరర్‌ని. నోటిమాట గాలికి పోతుంది, కాగితం మీది మాట నిలబడుతుంది. అందుకే మా ఆఫీసు బంట్రోతు భిక్షానికి ఉత్తరమిచ్చి బస్సెక్కించాను.

మా తోటి కార్మికుడి భార్య సారవ్వకు గుండె ఆపరేషన్ కావాలి. ఆమె గుండె స్కానింగ్ బొమ్మలు మా ఆఫీసు మెయిల్ నుంచే, ఇరవయ్యో తేదీలోపు హైదరాబాద్ దవాఖానకు చేరాలట. దాటితే మళ్లీ మూడు నెలలకే వంతు. "అన్ని రోజులు ఆగదు" అని డాక్టరు నాతో చాటుగా అన్నాడు. మా క్లర్కు సుజిత పొద్దున బడిలో పాఠాలు చెప్పి రెండున్నరకు వస్తుంది. ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని పంపుతుంది. బొమ్మలు బరువైనవి, గంట పడుతుంది. రోజూ మధ్యలోనే తెగుతోంది. తెగితే మళ్లీ మొదటి నుంచి. నాలుగింటికి ఆఫీసు మూత.

ఇట్లు,
దయాసాగర్

తా.క.: పైదంత ఆఫీసు భాష. ఇది మన భాష. బిడ్డా, ఒక ముసలామె గుండె బొమ్మ గాలిల ఎగిరి హైదరాబాద్ దాంక పోతదా? నిజం చెప్పు. నాకు బువ్వ తినబుద్ధి అయితలేదు.

మంచిర్యాల,
7వ తేదీ

దయాసాగర్ కాకకు ముష్తాక్ సలాం.

పోతుంది కాకా, గాలిలోనే పోతుంది. బేఫికర్‌గా అన్నం తినండి. డబ్బాను ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేయండి. సుజిత అక్క అదే టైముకు చాయ్ కెటిల్ పెడుతుందేమో, కరెంటు తగ్గుతుందేమో చూడండి. డబ్బాను ఎవరూ తాకకుండా కనిపెట్టుకుని ఉండండి.

మీ ముష్తాక్

తా.క.: మా అమ్మీ నుస్రత్ బేగం మీ ఉత్తరం చదివించుకుని ఏడ్చింది. సారవ్వ కోసం దువా చేస్తోంది. డబ్బా కోసం కూడా చేయమన్నాను.

గోదావరిఖని,
11వ తేదీ

ముష్తాక్‌కు వందనాలు.

డబ్బాను ఆపి పది లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర భిక్షం తుమ్మాడు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. కెటిల్ సంగతి చెప్పగానే సుజిత "నా చాయ్ మీద పడ్డడా ఆ ముష్తాక్?" అని అలిగింది. మూడు రోజులుగా ఆఫీసులో చాయ్ లేదు. నేనే డబ్బా పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. నా చేయి తప్ప ఇంకో చేయి దాన్ని తాకలేదు. అయినా తెగింది.

ఇట్లు,
దయాసాగర్

తా.క.: సారవ్వ వచ్చి డబ్బాకు దండం పెట్టింది. "నా గుండె గిండ్లనే ఉన్నదా?" అనడిగింది. "ఉన్నది వదినా, బైలెల్లుతలేదు" అన్న.

మంచిర్యాల,
13వ తేదీ

కాకకు సలాం.

డబ్బా తన పనంతా లోపల రాసుకుంటుంది. ఇక్కడి నుంచే తెరిచి చూశాను. రోజూ మూడూ రెండుకు కనెక్షన్ లేదు, మూడూ ఇరవై నాలుగుకు ఉంది. ఎలుక అనుకుందామంటే ఎలుకకు గడియారం చూడటం రాదు. మూడింటికి అక్కడ ఏం జరుగుతుంది?

మీ ముష్తాక్

తా.క.: సుజిత అక్కకు మాఫీ చెప్పండి. నా మూలంగా చాయ్ ఆగితే పాపం.

గోదావరిఖని,
14వ తేదీ

ముష్తాక్‌కు వందనాలు.

తన పని తనే రాసుకుంటుందా! గనిలో మా పైఅధికారి ఓవర్‌మన్ కూడా అంత నిజాయితీగా రాయలేదు. మూడింటికి ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగుతుంది. కిటికీలు అదురుతాయి. కాసేపటికి రెండో సైరన్. అంతే.

ఇట్లు,
దయాసాగర్

తా.క.: చాయ్ వచ్చింది. చక్కెర ఇంకా రాలేదు.

మంచిర్యాల,
15వ తేదీ

దొరికింది కాకా! పేలుడు అదురుకు డబ్బాకు నెట్ తెచ్చే వైరు వదులై ఊడుతోంది. గట్టిగా కరుచుకునే కొత్త వైరు పంపుతున్నాను. పెట్టి చూడండి.

మీ ముష్తాక్

గోదావరిఖని,
17వ తేదీ

ముష్తాక్‌కు వందనాలు.

కొత్త వైరు పెట్టాము. ఇవాళ కూడా తెగింది. మూడు రోజులే మిగిలాయి. సారవ్వ నాలుగు మెట్లెక్కి పది నిమిషాలు ఆయాసపడింది. ఆమె ముఖం చూడలేకపోతున్నాను. ఏదైనా చేయి నాయనా.

ఇట్లు,
దయాసాగర్

తా.క.: అదురుకు వైరు వదులైతదని ఫికర్ పెట్టుకోకు. సైరన్ మోగంగనే నేనే పీకి జేబుల పెట్టుకుంటున్న, రెండో సైరన్ దాంక. కొత్తది మెత్తగ ఉన్నది. పాతది పక్కల గుచ్చేది.

మంచిర్యాల,
17వ తేదీ, సాయంత్రం

కాకా!

తౌబా తౌబా! జేబులనా? వైరు మీ జేబుల ఉంటే మెయిల్ యాడికెల్లి పోతది? డబ్బా నుంచి బజార్ల ఉన్న లైను దాంక వైరుల్నే పోవాలె. రేపు సైరన్ మోగినా, ఆకాశం ఊడిపడ్డా, దాన్ని ముట్టకుండ్రి. చేతులు జోడిస్తున్న.

ముష్తాక్

తా.క.: గాలిల పోతదని రాసింది నేనే. ఆ ఉత్తరం చింపెయ్యుండ్రి.

గోదావరిఖని,
19వ తేదీ

కొడుకా ముష్తాక్,

ఇయ్యాల ఆఫీసు భాష రాస్తలేను. నీ ఉత్తరం చదివి సిగ్గుతోని కుర్చీల కూలబడ్డ.

ఎందుకు పీకిన్నో చెప్పాలె. బొగ్గు బాయిల పేల్చే మిషన్‌కు ఒక పిడి ఉంటది. మనుషులందరు దూరం పోయిందాక అది షాట్‌ఫైరర్ జేబుల ఉండాలె. ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి, దాన్ని మిషన్‌కే మరిచి నీళ్లు తాగ పోయిన. ఎవరో తిప్పిండ్రు. సారవ్వ పెనిమిటి ఓదెలన్న బతికిండు గానీ కుడిచెవి పోయింది. నిరుడు ముసలితనంతోని కాలం చేసిందాక నన్ను ఒక్క మాట అనలే. ఆ దినం సంది సైరన్ వింటే నా చెయ్యి నా మాట వినది. ఏదో ఒకటి పీకి జేబుల పెట్టుకుంటెనే పాణం నిమ్మలపడ్తది.

నిన్న సారవ్వకు అంత చెప్పిన. తిడ్తదనుకున్న, నవ్వింది. "పెనిమిటికి చెవి, నాకు గుండె. మా ఇంటి మీదనే పడ్డవేంది మరిదీ?" అన్నది.

మూడింటికి సైరన్ మోగింది. నా చెయ్యి లేసింది. ఆమె నా రెండు చేతులు గట్టిగ పట్టుకొని కూసున్నది. పేలింది. కిటికీలు అదిరినయి. నేను కండ్లు మూసుకున్న. తెరిస్తే ఓదెలన్న పెండ్లాం నా ముందట మంచిగ కూసున్నది, పచ్చ దీపాలు మిణుకుమంటున్నయి. మూడు ముప్పావుకు ముందు గదిలకెల్లి సుజిత ఒర్లింది, "పోయింది బాబాయ్!" అని. యేసయ్యా, ఏం వింత! ఆమె చేతులు నా చేతులల్లనే ఉన్నయి, ఆమె గుండె హైదరాబాద్‌ల ఉన్నది.

ఇయ్యాల జవాబు వచ్చింది. ఇరవై ఆరుకు ఆపరేషన్.

నీ కాక,
దయాసాగర్

తా.క.: నీ మొదటి ఉత్తరం చింపలే, ఫైల్ల పెట్టిన. సారవ్వ రోజూ వచ్చి చేతులు పట్టుకోదు గద, అందుకే మూడింటికి జేబుల ఉండనీకి ఇంట్లకెల్లి టీవీ రిమోటు తెచ్చుకుంటున్న. సీరియల్ టైముకు రిమోటు యాడికి పోతున్నదో తెలువక మా ఇంటామె సుసన్న నీకు ఉత్తరం రాస్తనంటున్నది. నువ్వు మాత్రం ఎలుక ఎత్తుకపోతున్నదని రాయి.